కాన్పు మంచానికి గొలుసు

మా తోడికోడలు నీతిశాస్త్రం చదవడానికి సాయంత్రం కాలేజీలో చేరిన రోజున మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "నీతి నేర్చుకోవడానికి కూడా ఫీజు కట్టాలా?" అని. రెండోది, "మరి ఇన్నాళ్లూ ఏం పెట్టుకుని నడిపావు?" అని.

మా అక్క నవ్వి ఊరుకుంది. నేను ఆమెను అక్కా అనే పిలుస్తాను. మా ఆయన అన్నగారి భార్య. ఆడవాళ్ల జైల్లో వార్డరు. మనిషి పొడవు, భుజాలు విశాలం. గొంతు ఎంత పెద్దదంటే, మేడ మీద నుంచి ఆమె ఎవరినైనా పిలిస్తే ఆ పేరు గలవాళ్లు వీధిలో ఎంతమంది ఉంటే అంతమందీ పలుకుతారు. వీధి పిల్లలు ఆమెకు జైలత్త అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు ఇష్టమే. మేడ మీద వాటాలో వాళ్లు, కింద వాటాలో మేము. అత్తగారు మాత్రం ఏ వాటాలో కోపం వస్తే రెండో వాటాలోకి మారిపోతూ ఉంటుంది. కోర్టు పక్క సందులో నాకొక చిన్న జిరాక్స్ షాపు ఉంది. అక్క పాఠాలన్నీ నా మెషిన్ మీదే కాపీలు తీసేదాన్ని. అలా తీస్తూ తీస్తూ సగం పాఠాలు నేనూ చదివేశాను.

ఆ కోర్సు పేరు చాంతాడంత ఉంటుంది. నేరము, న్యాయ వ్యవస్థ, ప్రభుత్వ విధానాలు, వీటన్నిటిలో నైతికత. అత్తగారు దాన్ని 'నీతి బడి' అని కుదించేసింది. అక్క అందులో చేరింది నీతి మీద మోజుతో కాదు. ఆ మాట ఆమే చెప్పేది. హెడ్ వార్డరు పోస్టుకి ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి ముందు అవకాశం ఇస్తామని డిపార్ట్‌మెంటు ప్రకటించింది. అంతకుముందు ఒకసారి నోటిదాకా వచ్చిన ప్రమోషన్ జారిపోయింది. ఈసారి వదలకూడదని ఆమె పంతం.

పాఠం చెప్పే మాస్టారు పూర్వం ప్రభుత్వ వకీలు. ఆయన పుస్తకం తెరిచేవాడు కాదట. ఏదో ఒక సంఘటన చెప్పి, ఇందులో ఎవరికి లాభం, ఎవరికి దెబ్బ, నిర్ణయించింది ఎవరు అని అడిగేవాడట. బోర్డు తుడవడానికి డస్టర్ దొరక్కపోతే జేబురుమాలుతోనే తుడిచి, పాఠం మధ్యలో అదే రుమాలుతో మొహం తుడుచుకునేవాడట. క్లాసు అయ్యేసరికి ఆయన బూడిద పూసుకున్నట్టు ఉంటాడని అక్క చెబుతుంటే మేము పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం.

ఆ ప్రశ్నలన్నీ ఆమె ఇంటికి మోసుకొచ్చి భోజనాల దగ్గర మా మీద ప్రయోగించేది. ఒకసారి, ఊళ్లో అల్లర్లు ఆగాలంటే ఏ తప్పూ చెయ్యని ఒక్కడికి శిక్ష వెయ్యాలి, వెయ్యొచ్చా కూడదా అని అడిగింది. మా ఆయన వెయ్యొచ్చన్నాడు. బావగారు సిటీ బస్సులో కండక్టరు. రోజంతా జనంతో వాదించి వచ్చిన మనిషి కాబట్టి ఇంట్లో ఏ వాదనలోకీ దిగడు. అత్తగారు మాత్రం మంచినీళ్లు తాగి, "ఆ ఒక్కడూ ఎవరి కొడుకో చెప్పు, అప్పుడు చెబుతా" అంది.

అక్క ఆ మాట క్లాసులో చెబితే మాస్టారు నవ్వి, మీ అత్తగారు నిజం చెప్పారు, లోకమంతా అలాగే తీర్పు చెబుతుంది, ఎవరి కొడుకు అని అడక్కుండా తీర్పు చెప్పడం నేర్చుకోవడానికే మనం ఇక్కడ కూర్చున్నాం అన్నాడట.

జైల్లో ఒక రూలు ఉంది. ఖైదీని ఆసుపత్రికి తీసుకెళ్తే మంచం కోడుకి ఒక కాలో చెయ్యో గొలుసుతో కట్టి తాళం వెయ్యాలి. ఎప్పుడో ఎవరో మగ ఖైదీ ఆసుపత్రి కిటికీలోంచి దూకి పారిపోయినప్పుడు రాసిన రూలు అది. గర్భిణి అన్న మాట అందులో లేదు. ఆ మాట లేదు కాబట్టి మినహాయింపూ లేదు. కాన్పుకి వెళ్లిన ఆడది కూడా కాలికి గొలుసుతోనే బిడ్డను కనాలి. అక్క ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ గొలుసులు వేస్తూనే ఉంది. అది తప్పో ఒప్పో తనకెప్పుడూ తోచలేదని, అంబులెన్సు తలుపు వెయ్యడం ఎలాగో ఇదీ అలాగే అనుకున్నానని నాతో చెప్పింది.

కోర్సులో చేరిన కొత్తలో ఒక ఖైదీని కాన్పుకి తీసుకెళ్లింది. పనిచేసే ఇంట్లో నగ పోయిందన్న కేసులో వచ్చిన పిల్ల. కుట్టుపని బాగా తెలుసు. వార్డర్ల యూనిఫాములకు గుండీలు ఊడితే కుట్టి పెట్టేది. జైల్లో అందరూ దర్జీపిల్ల అనేవారు. నొప్పులు ఎక్కువై ఆ పిల్ల అమ్మా అమ్మా అంటుంటే అక్క చూడలేక తాళం తీసేసింది. మగపిల్లాడు పుట్టాడు. ఈ సంగతి సూపరింటెండెంటు దాకా వెళ్లింది. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి, ఏమీ జరగలేదు కాబట్టి వదిలేశాడు.

అక్క ఈ కథంతా క్లాసులో చెప్పుకుంది. కొంచెం గొప్పగానే చెప్పి ఉంటుంది. మాస్టారు మెచ్చుకుంటాడనుకుంది.

ఆయన అడిగాడట: "మంచిపిల్ల కాబట్టి తీశారా అమ్మా, కాన్పు కాబట్టి తీశారా?"

రెండూ అంది అక్క.

"రెండూ ఒకటి కాదు. మంచిపిల్ల కాబట్టి తీస్తే అది దయ. దయ మీ ఇష్టం, ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. కాన్పు కాబట్టి తీస్తే అది న్యాయం. అప్పుడు మీకు గిట్టనివాళ్లకీ తియ్యాలి. తీస్తారా?"

ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించింది. ఏమైందని నేను మేడెక్కి వెళ్తే, "ఆయనకేం, సుద్దముక్క పట్టుకుని ఏదైనా చెబుతాడు. కందిరీగ సంగతి ఆయనకేం తెలుసు?" అంది.

కందిరీగ సంగతి నాకు తెలుసు. ఆ పేరు జైలు పెట్టిందే. దొంగతనాల కేసులు, కొట్లాటల కేసులు. నోరు తెరిస్తే ఎదుటివాళ్ల ఏడు తరాలూ బయటికొస్తాయి. ఒకసారి కోర్టుకి తీసుకెళ్తుంటే సిగ్నల్ దగ్గర వ్యాను తలుపు తోసుకుని దూకింది. అక్క వెంటపడి, పడి లేచి, చెప్పుల దుకాణం ముందు జుట్టు పట్టుకుని ఆపింది. పట్టుకున్నందుకు మెచ్చుకోలేదు, తప్పించుకోనిచ్చినందుకు మెమో ఇచ్చారు. నోటిదాకా వచ్చి జారిపోయిందన్నానే, ఆ ప్రమోషన్ అప్పుడే పోయింది. ఇంకోసారి అదే మనిషి పొగలు కక్కే టీ తీసి అక్క చేతి మీద పోసింది. మచ్చ ఇప్పటికీ ఉంది. బెయిలు మీద బయటికెళ్లి, మళ్లీ ఇంకో కేసులో వచ్చిన కందిరీగ ఈసారి కడుపుతో వచ్చింది.

అక్క వారం పదిరోజులు నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తూ, తనతో తాను అన్నట్టుగా, "దాని మొహం చూస్తే నాకు ఒళ్లు మండుతుందే. అయినా గొలుసు వెయ్యకూడదు. ఎంత ఆలోచించినా అక్కడికే వస్తోంది" అంది. ఆమె అంత నీరసంగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

నెలలు నిండకముందే సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది. కాన్పు గది మూడో అంతస్తులో ఉంది, కిటికీకి ఇనుప చువ్వలున్నాయి, ఒకటే తలుపు, ఆ తలుపు దగ్గర ఇద్దరం నిలబడతాం, గొలుసు అక్కర్లేదు, ఇకమీద ఏ కాన్పుకీ వద్దని రూలు మార్చమని పైకి రాయండి అని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఎప్పుడూ పై ఆఫీసు ఫోను మోగుతుందేమోనన్నట్టు ఒక చెవి అటు పడేసి ఉంటాడు. రూళ్లు మార్చడం తన చేతిలో లేదన్నాడు. ఉన్నా ఈ మనిషి కోసం మాత్రం మార్చనన్నాడు. అయితే ఎస్కార్టుకి వేరేవాళ్లను పంపమంది అక్క. దాన్ని పట్టగలిగేది నువ్వొక్కదానివే, నువ్వే వెళ్లాలి అన్నాడు.

"అయితే సార్, గొలుసు నేను వెయ్యను. జరిగాక చెప్పడం కాదు, ముందే చెబుతున్నాను" అంది అక్క.

ఆయన నవ్వి, నీతి బడి బాగా ఎక్కినట్టుందే అన్నాడట. ఆ పేరు మా ఇంట్లోంచి జైలు దాకా ఎలా వెళ్లిందో నాకు తెలియదు.

కందిరీగకు నొప్పులు మధ్యాహ్నం మొదలయ్యాయి. అంబులెన్సులో అక్క, ఇంకో చిన్న వార్డరు. ఆ వార్డరు సంచిలో గొలుసు, తాళం. కాన్పు గది గురించి అక్క తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. గోడలకు పచ్చటి పలకలు, మూలన తిరిగీ తిరగని ఫ్యాను, ఇనుప మంచం. ఆ మంచానికి కాళ్లవైపు కమ్మీ మీద ఒకచోట రంగంతా పోయి ఇనుము నున్నగా మెరుస్తోందట. గొలుసులు రాసుకుని రాసుకుని అలా అయింది. ఇన్నేళ్లలో తానే వేసిన గొలుసులు అందులో ఎన్నున్నాయోనని ఆ నున్నటి చోటు చూస్తూ నిలబడిపోయానని చెప్పింది.

చిన్న వార్డరు గొలుసు తీసింది. అక్క దాన్ని చేతిలోంచి తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టింది.

కందిరీగ నొప్పుల్లో కూడా అది చూసింది. "ఏం, నా మీద జాలి పడుతున్నావా? నీ జాలి తీసుకెళ్లి నీ మొగుడికి పెట్టు" అంది.

"జాలీ లేదు, గీలీ లేదు. నువ్వంటే నాకు పడదు. నోరు మూసుకుని నీ పని చూసుకో" అంది అక్క.

నోరు మూసుకోవడం కందిరీగ వల్ల ఎక్కడవుతుంది? నొప్పి వచ్చినప్పుడల్లా అక్కను, అక్క అత్తగారిని, ఆ వంశంలో పోయినవాళ్లనూ వరసగా స్మరించింది. అక్క తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. తర్వాత బిడ్డ తల బయటికి వచ్చి భుజం దగ్గర ఇరుక్కుంది. డాక్టరమ్మ గొంతు మారిపోయింది. తిప్పండి, చేతుల మీద, మోకాళ్ల మీద తిప్పండి అని అరిచింది. నర్సు ఒకవైపు, అక్క ఒకవైపు పట్టి కందిరీగను బోర్లా తిప్పి మోకాళ్ల మీద నిలబెట్టారు. భుజం జారింది. ఆడపిల్ల నీలంగా వచ్చింది. వీపు రుద్దితే కాసేపటికి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ కిటికీ గట్టు మీది గొలుసు వైపు ఒకసారి చూసి బయటికి వెళ్లింది.

అప్పటికే చిన్న వార్డరు వరండాలోంచి జైలుకి ఫోను చేసేసింది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఉద్యోగం కొత్త, భయం పాత. మర్నాడు అక్క చేతికి సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది.

విచారణకు ముందు సూపరింటెండెంటు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. జీపు వీధి చివర ఆపి నడుచుకుంటూ వచ్చాడు. అత్తగారు టీ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూసి అసలు మాట చెప్పాడు. తాళం తుప్పు పట్టింది, ఎంత తిప్పినా పడలేదు అని ఒక ముక్క రాసివ్వు, మందలింపుతో పోతుంది, పై ఆఫీసుతో నేను మాట్లాడతాను అన్నాడు. నిజంగా సాయం చెయ్యాలనే వచ్చాడు. అది నేను ఒప్పుకోవాలి.

అక్క కుదరదంది.

ఆయన వెళ్లాక ఇంట్లో గొడవ మొదలైంది. ఏ వాదనలోకీ దిగని బావగారు ఆరోజు దిగాడు. రెండు ముక్కలు రాస్తే పోయేదానికి ఇల్లంతా రోడ్డున పడాలా, ఎవరి కోసం, నీ మీద టీ పోసినదాని కోసమా అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ ఆయనవైపే ఉన్నాను. తాళం మీద ఒక చిన్న అబద్ధం, దానివల్ల ఎవరికీ నష్టం లేదు కదా అన్నాను. మాకు ఊహించని చోటు నుంచి జవాబు వచ్చింది. అత్తగారు తన చాప మీద నుంచి లేవకుండానే, "తాళం బాగానే ఉందని నా పెద్దకోడలికి తెలుసు, మీకు తెలుసు, ఇందాక టీ తాగి వెళ్లినాయనకీ తెలుసు. ఇంక ఆ అబద్ధం ఎవరి కోసంరా?" అంది. బావగారు చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు ఆయనకీ అక్కకీ మధ్య అవసరమైన మాటలే నడిచాయి.

అక్క మాస్టారి దగ్గరికి వెళ్దామంటే తోడుగా నేనూ వెళ్లాను. క్లాసు అయ్యాక ఖాళీ గదిలో కూర్చున్నాం. భుజం తడతాడనుకుని వెళ్లాం. ఆయన సుద్దముక్క వేళ్లతో దొర్లిస్తూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి అన్నాడు.

"మీరు మీకు తప్పనిపించిన రూలు పాటించలేదు. రేపు మీ పక్క వార్డరుకి ఖైదీలను కొట్టకూడదన్న రూలు తప్పనిపిస్తుంది. వాడూ పాటించడు. వాడికీ మీకూ తేడా ఏమిటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చదువు చెప్పి, తీరా మనిషి కష్టంలో ఉంటే ఇదా అడిగేది అనుకున్నాను. ఆయన మాత్రం, నేను మీకు వ్యతిరేకం కాదమ్మా, ఈ ప్రశ్న అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, మీ దగ్గర జవాబు లేకపోతే మీరు చేసింది మొండితనం అవుతుంది అన్నాడు. జవాబు తాను చెప్పనన్నాడు. బస్సులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయినా ఆమెకు తెలియలేదు, ఆమెను చూస్తూ కూర్చున్న నాకూ తెలియలేదు.

విచారణ జైలు మీటింగు హాల్లో. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. బావగారు సెలవు దొరకలేదన్నాడు. షాపు మూసి నేను వెళ్లాను. పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఒక ఆవిడ. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లజోడు, విసుగు లేని గొంతు. సూపరింటెండెంటు పక్కన కూర్చుని మా వైపు చూడకుండా తన గోళ్లు చూసుకుంటున్నాడు.

అధికారిణి మొదట సులువైన దారే చూపించింది. ఆ హడావిడిలో గొలుసు సంగతి మరిచిపోయారా అని అడిగింది.

"మరిచిపోలేదు మేడం. వెయ్యలేదు" అంది అక్క.

తర్వాత సాక్షిగా కందిరీగను పిలిచారు. చంకలో బిడ్డతో వచ్చింది. ఈ వార్డరుకీ నీకూ ముందు నుంచి స్నేహం ఉందా, నీవాళ్లు ఆమెకు ఏమైనా ఇచ్చారా అని అధికారిణి అడిగింది. కందిరీగ ఆ మాటకే నవ్వింది. "ఈమెతో స్నేహమా? ఈమె నా జుట్టు పీకింది. నేను ఈమె చెయ్యి కాల్చాను. మాకు స్నేహమైతే ఇంక శత్రువులు ఎవరమ్మా?" అంది. గొలుసు వెయ్యకపోవడం వల్ల పారిపోయే అవకాశం నీకు దొరికింది కదా అని ఇంకో ప్రశ్న వేశారు. "మీరెప్పుడూ కన్లేదా?" అని తిరిగి అడిగింది కందిరీగ. వెళ్తూ వెళ్తూ అక్క వైపు చూసింది కానీ, ఆ చూపులో మెత్తదనం ఏమీ లేదు. ఎవరైనా అక్కను కాపాడాలని వచ్చి సాక్ష్యం చెప్పి ఉంటే అంత మేలు జరిగేది కాదు. పక్షపాతం అన్న ఆరోపణ అక్కడికక్కడే కొట్టుకుపోయింది.

అధికారిణి కళ్లజోడు పైకి తోసుకుని, మాస్టారు అడిగిన ప్రశ్నే వేరే మాటల్లో అడిగింది. ప్రతి వార్డరూ తనకు నచ్చిన రూళ్లే పాటిస్తానంటే జైలు నడుస్తుందా?

అక్క లేచి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నడవదు మేడం. ఆ మాట మీద నేను చాలా రోజులు నిద్రపోలేదు. ఖైదీలను కొట్టేవాళ్లు కూడా రూలు పాటించరు. కానీ వాళ్లు చాటుగా కొడతారు. కొట్టాక మెట్ల మీద పడిందని రాస్తారు. నేను ముందు అడిగాను, మార్చమన్నాను, వేరేవాళ్లను పంపమన్నాను, వెయ్యనని చెప్పాను, చెప్పినట్టే చేశాను. ఇప్పుడు మీ ముందు నిలబడి చేశానంటున్నాను. శిక్ష వెయ్యండి, తీసుకుంటాను. తాళం తుప్పు పట్టిందని మాత్రం రాయను. రాస్తే నేనూ ఆ చాటుగా కొట్టేవాళ్ల వరసలోనే నిలబడతాను."

తుప్పు మాట రాగానే సూపరింటెండెంటు గోళ్లు చూసుకోవడం మానేశాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్క చెప్పలేదు. అధికారిణి కూడా అడగలేదు. ఆవిడ చాలాసేపు ఏదో రాసుకుంది. తలెత్తి, ఇంకేమైనా చెప్పాలా అంది. ఉందంది అక్క. ఆ మంచం కమ్మీ మీద రంగు పోయిన చోటు ఒకసారి వెళ్లి చూడమంది.

ఆవిడ వెళ్లి చూసిందట. ఆ సంగతి నర్సుల ద్వారా తెలిసింది.

శిక్ష మాత్రం తప్పలేదు. కొన్నాళ్ల సస్పెన్షన్ తర్వాత ఉద్యోగం తిరిగి ఇచ్చారు కానీ, హెడ్ వార్డరు ఆశ శాశ్వతంగా కొట్టేశారు. ఎస్కార్టు పని తీసేసి స్టోరు గదిలో వేశారు. దుప్పట్లు, సబ్బులు, బకెట్లు ఇచ్చి పుచ్చుకునే చోటు. కోర్సు పరీక్షలో అక్క అత్తెసరు మార్కులతో పాసైంది. ఒక ప్రశ్నకి మూడు ప్రశ్నలకు సరిపడా రాసి, మిగతా రెండూ వదిలేసింది. ప్రమోషన్ కోసం చదివిన చదువు ప్రమోషన్‌నే మింగేసిందని అత్తగారు వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. చెప్పేటప్పుడు ఆ గొంతులో బాధ కన్నా గర్వమే ఎక్కువ వినపడేది. బావగారు ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ పళ్లు కొనుక్కొచ్చి అక్క ముందు పెట్టాడు. ఆమె వాటిని కోసి అందరికీ పెట్టింది.

తర్వాత పై ఆఫీసు నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. డాక్టరమ్మ రాసిన ఉత్తరమూ, విచారణ చేసినావిడ సిఫారసూ కలిసి పనిచేశాయని అన్నారు. ఇకపై ప్రసవ సమయంలో వీలైనంతవరకు బేడీలు, గొలుసులు వాడరాదు. తోటి వార్డర్లు అక్కతో చేతులు కలిపారు. నేను ఆ కాగితం కాపీ తీసి ఇస్తూ, గెలిచావు అక్కా అన్నాను. ఆమె షాపు కౌంటరు మీద చదివి మొహం చిట్లించింది.

"ఏం గెలుపే? ఈ వీలైనంతవరకు అన్న సందులోంచి ఏనుగు దూరిపోతుంది" అంది.

ఆమె అన్నట్టే అయింది. వీలు కాలేదు అంటే చాలు, గొలుసు వెళ్లొచ్చు. ఎందుకు వీలు కాలేదో అడిగేవాళ్లు లేరు. కానీ అక్కను స్టోరులో వేసినవాళ్లు ఒక సంగతి మరిచిపోయారు. గొలుసులు ఉండేది స్టోరులోనే. తలుపు వెనక మేకులకు వరసగా వేలాడుతుంటాయి.

ఒకనాటి పొద్దున్న హెడ్ వార్డరు వచ్చి, కాన్పు కేసు ఉంది, ఒక గొలుసు ఇవ్వమన్నాడు. అక్క లేచి గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి చాపితే దాని మీద తన చెయ్యి పెట్టింది. వీలు కాదని ఎవరు తేల్చారు, ఎందుకు వీలు కాదు, రాసి కింద సంతకం పెట్టి తీసుకెళ్లండి అంది. దుప్పటికే సంతకం కావాలి, గొలుసుకి అక్కర్లేదా అంది. ఆయన ఎర్రబడి సూపరింటెండెంటును పిలుచుకొచ్చాడు.

"నీకింకా బుద్ధి రాలేదా?" అన్నాడు సూపరింటెండెంటు.

"వచ్చింది సార్. అందుకే సంతకం అడుగుతున్నాను."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం వైపు, గొలుసు వైపు చూశాడు. ఆ మంచం దగ్గర ఏదైనా జరిగితే, ఆ కాగితం మీద ఉండేది తన పేరు. ఇంతకాలం ఆ రూలు ఎవరి పేరూ లేకుండా నడిచింది. ఆయన పెన్ను జేబులో పెట్టేసుకుని, సరే, వద్దులే, ఇద్దరు మనుషుల్ని తలుపు దగ్గర పెట్టండి అని వెళ్లిపోయాడు.

ప్రతిసారీ అంత సాఫీగా జరగలేదు. కొత్తగా వచ్చిన డిప్యూటీ ఒకాయన ఒకసారి కోడి గీరినట్టు సంతకం గీకి గొలుసు తీసుకెళ్లాడు. అక్క ఇవ్వక తప్పలేదు. తన మాట ప్రకారం తాను నడుచుకోవాలి కదా. ఆరోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు ఆ సంతకం కాగితాన్ని నా షాపులో కాపీ తీయించి, ఈ కేసులో ఎందుకు వీలు కాలేదో తెలుపగలరు అని పై ఆఫీసుకి పంపింది. డిప్యూటీ జవాబు చెప్పుకోవడానికి రెండుసార్లు పై ఆఫీసు మెట్లెక్కాడు. ఆ తర్వాత ఆయన స్టోరు వైపు రావడం మానేశాడు. ఆయనను చూసి మిగతావాళ్లూ మానేశారు.

పోయిన నెల అక్క జ్వరమొచ్చి సెలవు పెట్టింది. ఆ అవకాశం చూసుకుని హెడ్ వార్డరు గొలుసు కోసం వెళ్లాడు. స్టోరులో అక్కతో పాటు పనిచేసే ముసలాయన ఉన్నాడు. రిటైరు కావడానికి దగ్గరలో ఉన్న మనిషి, ఎవరి జోలికీ పోడు. ఆయన కాగితం ముందుకు తోసి, వేలితో సంతకం చోటు చూపించాడట. హెడ్ వార్డరు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

అక్క కోలుకుని డ్యూటీకి వెళ్లాక ఇది తెలిసింది. సాయంత్రం షాపు దగ్గరికి వచ్చి నాకు చెబుతూ కూర్చుంది.

"హెడ్ వార్డరు ఆయన మీద అరవలేదా?" అని అడిగాను.

"అరిచాడట. ముసలాయనకి అటువైపు చెవి వినపడదు" అంది అక్క.